తేలికపాటి సైకిలు

సైకిలు కొనేవాడు ముందు తను తిరగవలసిన దారి చూసుకోవాలి. నేను మా బావమరిదిని చూసుకున్నాను.

అతను విజయనగరంలో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. మా పెళ్లయిన కొత్తలో ఒక నల్లటి సైకిలెక్కి వచ్చి, అత్తవారి వీధరుగు మీద కూర్చున్న నన్ను దిగకుండానే "ఏం బావగారూ, కులాసాయా?" అని పలకరించి, గంట మోగించుకుంటూ వెళ్లిపోయాడు. కాలు కింద పెట్టకుండా చేసిన ఆ పలకరింపు నాకు మూడేళ్లపాటు అరగలేదు.

అప్పుడు నేను రాయగడ ఠాణాలో ఎస్టేటు గుమాస్తాని. ఠాణా అంటే పోలీసులది కాదు, ఎస్టేటు కచేరీ. రాయపూరు రైలు మా ఊరి మీదుగా తిరగడం మొదలై రెండేళ్లయింది. మా తాలూకాలన్నీ ఇంకా మద్రాసు కిందే ఉన్నాయి. నా పని పంట అంచనా. కోతల ముందు ఊరూరా తిరిగి, నిలబడ్డ చేను చూసి, ఇంత పండుతుంది, ఇందులో ఎస్టేటుకి ఇంత అని చీటీ రాసివ్వాలి. ఆ చీటీ చేతికొచ్చేదాకా రైతు తన చేలో తను కొడవలి పెట్టకూడదు. పెడితే అది దొంగకోత. అందుచేత కార్తీకం వచ్చిందంటే ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ నా కోసం దారి చూసేవి. అలా చూడటం నాకు బాగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఆ ఏడు దసరా వెళ్లగానే మా ఠాణాకి పెద్దయిన అమీను సోమయాజులుగారు నన్ను పిలిచారు. చేతిలో పొడుంకాయ, ముక్కు మీద కళ్లజోడు.

"వెంకటాచలం, నీ అంచనాలు ఏటా మార్గశిరంలో తేలుతున్నాయి. ఈసారి కార్తీకం దాటకూడదు. ఒక సైకిలు కొనుక్కో. నెలకి రెండు రూపాయలు సైకిలు బత్తెం రాయిస్తాను."

"చిత్తం."

"నాలుగేళ్లబట్టి టెంపరరీగా ఉన్నావు. ఈ సీజను సవ్యంగా చేస్తే నీ ఉద్యోగం ఖాయం చెయ్యమని పైకి రాస్తాను. కానీ ఒక్క మాట. సైకిలు ఇంట్లో పెట్టి బత్తెం పుచ్చుకుంటున్నావని నా చెవినిబడ్డదో, ఆ సంగతి మరి మర్చిపోవచ్చు."

నా దగ్గరున్నవీ, మా ఆవిడ శ్యామలాంబ పెరటి పనసకాయలమ్మి దాచినవీ కలిపితే నలభై రూపాయలు తేలాయి. డబ్బు నా చేతిలో పెడుతూ ఆవిడ, "గట్టిది చూడండి. గంట లేకపోయినా ఫరవాలేదు" అంది.

పార్వతీపురం రైలెక్కాను. వెంట దాలయ్య వచ్చాడు. దాలయ్య బూరుగుగుడ బారికి. బారికంటే ఊరి బంట్రోతన్నమాట. కబుర్లు మొయ్యాలి, ఠాణావాళ్లు వస్తే వాళ్ల మూటలు మొయ్యాలి. కూలి ఉండదు. దానికి బదులు ఎకరం పల్లపు మడి ఒకటి అనుభవించమని వాళ్ల తాతలనాడు ఇచ్చారు. కొలువు పోతే మడి కూడా పోతుంది. కోత చీటీ మాత్రం దానికీ కావలసిందే. ఆ సీజనుకి అతన్ని నాకు వేశారు. నలభై ఏళ్లుంటాయి, సన్నగా, నవ్వితే ముందు చిగుళ్లు కనబడతాయి. రైలెక్కడం అదే మొదలట. కిటికీ దగ్గర కూర్చోమన్నా కూర్చోకుండా పార్వతీపురందాకా తలుపు దగ్గర నిలబడే వచ్చాడు.

సైకిళ్ల కొట్టు లక్ష్మణ మేస్త్రీది. పాత సైకిళ్లు కొని బాగుచేసి అమ్ముతాడు. నన్ను చూడగానే ధర చెప్పలేదు.

"ఏ ఊరి దారి బాబూ మీది?" అని అడిగాడు.

"రాయగడ. కొల్నార, ఆ చుట్టుపక్కల పల్లెలు."

"అయితే ఇది సూడండి" అని ఒక మూలనుంచి సైకిలొకటి తీశాడు. రైల్వే గ్యాంగు మేస్త్రీ ఎవరో కొన్నాళ్లు వాడి అమ్మేసినదట. లావుపాటి టైర్లు, వెనక మూట పెట్టుకునే స్టాండు, సొట్టలుపడ్డ మడ్డుగార్డులు. పైన ఎవరో గోడకేసే కుంచెతో ఆకుపచ్చ రంగు వేశారు. గంట లేదు. "ముప్పయ్యారు రూపాయలు. ఏట్లో దింపినా, రాళ్లమీద తోలినా దీనికేటీ అవదు. కూకుని సూడండి, కాలు నేలకందుతాది."

కాలు అందింది. అయినా నా కళ్లు ఎదుటి గోడకి వేలాడుతున్న ఇంకోదానిమీద ఉన్నాయి. నల్లటి సైకిలు. బంగారు గీతలు. సన్నటి టైర్లు, గొర్రెకొమ్ముల్లా కిందకి వంగిన హ్యాండిలు. గంట తళతళలాడుతోంది.

"అదో?"

"అది దిగువదేశం రోడ్డుబండి బాబూ. కాలేజీ కుర్రోడు పందేలకి తోలీవోడు. తారురోడ్డు మీద దీనికి ఎదురు నేదు. మీ కొండదారిలో గులకరాయి తగిలితే ట్యూబు పోతాది. పైగా ఎత్తు బండి, మీకు కాలందదు. ఒగ్గేయండి."

"ధరెంత?"

"నలభై."

నా జేబులో ఎంతుందో అతనికి ఎవరో చెప్పినట్టే అనిపించింది. కిందకి దింపించాను. రెండు వేళ్లతో లేపితే లేచింది. సైకిలు మంచిచెడ్డలు నాకేం తెలుసు? బరువు మాత్రం తెలుస్తుంది. "ఎంత తేలిగ్గా ఉందోనయ్యా!" అన్నాను. మేస్త్రీ ఆకుపచ్చదాని సీటు దులుపుతున్నాడు. నాకు సాక్ష్యం కావలసి వచ్చింది.

"దాలయ్యా, ఇలా రా. రెండూ ఎత్తి చూడు."

దాలయ్య ముందు ఆకుపచ్చదాన్ని భుజానికెత్తుకున్నాడు, దింపాడు. తర్వాత నల్లదాన్ని ఎత్తుకున్నాడు. చిగుళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"ఇదే తేలిగ్గున్నాది బాబూ."

"విన్నావా మేస్త్రీ!"

లక్ష్మణ మేస్త్రీ అతన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఎక్కీవోరు మీరా బాబూ, ఆడా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నలభై రూపాయలూ లెక్కపెట్టి బల్లమీద పెట్టాను.

ఇంటికొచ్చాక శ్యామలాంబ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది. "అచ్చం మా తమ్ముడిదిలా ఉంది" అంది. మెచ్చుకుందనే అనుకున్నాను.

మర్నాటినుంచి సర్క్యూటు మొదలు. ఊరు దాటిన రెండో మైల్లో మొదటి ట్యూబు పోయింది. ఆ తర్వాత వాగు. ఆ తర్వాత ఇసక. ఇసకలో సన్నటైరు జానెడు లోతుకి దిగబడి, నేను పక్కకి ఒరిగిపోయాను. కాలందదు కదా, కింద పడ్డాను. దాలయ్య పరుగెత్తుకొచ్చి ముందు సైకిలు లేపాడు, తర్వాత నన్ను.

"నేనట్టుకొస్తాను బాబూ, మీరు నడిసి రండి" అన్నాడు.

సైకిలు భుజానికెత్తుకున్నాడు. నా రికార్డుల మూట నెత్తిమీద ఉండనే ఉంది. నేను పంచె ఎగగట్టి వెనకాల నడిచాను. ఊరు ఒక పిలుపు దూరంలో ఉందనగా అతను ఆగాడు. సైకిలు దింపాడు, తువ్వాలుతో చక్రాల మట్టి తుడిచాడు, కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. నేనెక్కాను. గంట మోగించుకుంటూ ఊళ్లోకి వెళ్లాను. పిల్లలు, కుక్కలు, ఆడవాళ్లు, ఊరంతా వెంటబడింది. దాలయ్య కాసేపాగి మూటతో వచ్చి, అప్పుడే అందుకున్నవాడిలా రొప్పుతూ నిలబడ్డాడు.

ఈ ఏర్పాటు ఒకళ్లకొకళ్లం చెప్పుకుని చేసుకున్నది కాదు. మర్నాడూ అలాగే జరిగింది. ఆ మర్నాడూ అంతే. మాకు అదే రివాజైపోయింది. ఠాణాకి తిరిగొచ్చేటప్పుడు కూడా ఊరి మొగలో ఎక్కి, సోమయాజులుగారి కిటికీ ముందు గంట కొట్టేవాణ్ణి. రోజూ సాయంత్రం సర్క్యూటు డైరీలో ఏ ఊరు, ఎన్ని చేలు అని రాసి, ఆనవాయితీ ప్రకారం చివర్న "బారికి హాజరు" అని రాసి సంతకం పెట్టేవాణ్ణి.

కొల్నారలో ఎర్రయ్య అని పెద్ద రైతు. నా సైకిలుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ నలిపించాడు. అరటాకు వేసి అటుకులూ బెల్లమూ జున్నూ పెట్టాడు. నేను తింటుంటే ఆకాశంకేసి చూసి, "మబ్బుగున్నాది బాబూ. మా సేలు పదెకరాలు. మీరు సూడ్డానికి రెండ్రోజులవుతాది. అంచనా మీ ఇష్టమొచ్చినంత రాసుకోండి, నాను రేపే కోత ఏసీసుకుంటాను" అన్నాడు.

"సరే, కోసుకో" అన్నాను. నోట్లో జున్నుంది.

దాలయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు, సైకిలు భుజం మీద ఉండగా, ముందు నడుస్తూ వెనక్కి తిరగకుండా అడిగాడు.

"బాబూ, మా పల్లం ఎప్పుడు సూస్తారు? ఎన్ను బరువుకి ఒంగిపోనాది."

"మీ ఊరు చివర్న పెట్టాను. చూస్తాను."

"సీటీ తరవాత రాద్దురు బాబూ. ఎర్రయ్యకి సెప్పినట్టు నాకూ ఒక్కమాట సెప్పండి. అప్పమ్మా నానూ ఒక్కరోజులో కోసీసుకుంటాం."

అప్పమ్మ అతని భార్య. ఒక్కమాట. నాకు ఖర్చయ్యేది అంతే.

"నువ్వు బారికివి. ఊరికంటే ముందు నీ చేను కోయించానంటే నన్నంటారు. ఎల్లుండి వస్తాలే" అన్నాను.

ఎల్లుండి వెళ్లలేదు. ఆ పై ఎల్లుండి కూడా వెళ్లలేదు. కారణాలు రెండు. ఒకటి, బూరుగుగుడకి వెళ్లే దారి పొలంగట్ల మీదే. రెండు వాగులు, మోకాలు లోతు బురద. ఊరి నడిబొడ్డుదాకా ఎక్కడా సైకిలెక్కేటంత చోటు లేదు. దాలయ్య సైకిలు మోస్తుంటే వెనకాల పంచె ఎగగట్టుకుని నడిచొచ్చే నన్ను ఆ ఊరంతా చూస్తుంది. సైకిలు ఇంట్లో పెట్టి నడిచి వెళ్లొచ్చు, నాలుగు మైళ్లే. ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. వచ్చింది. సోమయాజులుగారి కిటికీ గుర్తొచ్చి ఊరుకున్నాను. ఇక రెండోది. దాలయ్య ఒక్కరోజు తన కోతకి పోతే ఆ రోజు నా సైకిలు మోసేవాడు ఉండడు.

అదీ సంగతి. ఇన్నేళ్లూ దీన్ని ఇలా విడమరిచి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి శ్యామలాంబ వీధి గుమ్మంలోనే ఉంది.

"అప్పమ్మ వచ్చి వెళ్లింది. వాళ్ల చేను ఇంకా చూడలేదుటగా?"

"చూస్తాను."

"తొందరగా చూడ్డానికే కదండీ సైకిలు కొన్నది?"

"ఆఫీసు సంగతులు నీకెందుకు?" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడ కాళ్లకి నీళ్లచెంబు అక్కడ పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

కార్తీక బహుళంలో వాన పట్టింది. సముద్రం మీద వాయుగుండమని రైల్వేవాళ్లు చెప్పారు. నాలుగు రోజులు తెరిపి లేదు. నాగావళి ఎర్రగా పొంగింది. సైకిలు నడవలో పెట్టి పాతదుప్పటి కప్పాను. వాన వెలిసిన పూట ఎవరితోనూ చెప్పకుండా బూరుగుగుడకి నడిచి వెళ్లాను. సైకిలు లేకుండా. గంటన్నర పట్టింది.

మడంతా పడుకునుంది. దాలయ్య గట్టుమీద కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అప్పమ్మ నీళ్లలో ఉంది. వంగి ఒక కంకి తీసి నా చేతికిచ్చింది. ప్రతి గింజకీ తెల్లటి మొలక.

"ఇప్పుడు సూడండి బాబూ. ఎంత పండినాదో రాయండి" అంది.

దాలయ్య ఆమెని "ఊరుకోయే" అని కసిరాడు. నేను చీటీ మీద "పంట లేదు" అని రాశాను. ఆమె ఆ చీటీ తీసుకోలేదు. దాలయ్య తీసుకుని మడిచి మొలలో పెట్టుకున్నాడు.

ఆ వారంలోనే సోమయాజులుగారు నా రికార్డు తిరగేశారు. బూరుగుగుడ దగ్గర వేలు ఆగింది.

"ఇదేమిటోయ్! వానకి ముందు పద్దెనిమిది రోజులున్నాయి. దీనికి అంచనా ఎందుకు పడలేదు? పైవాళ్లడిగితే నేనేం చెప్పను?"

ఎదురుగా బల్లమీద నన్ను ఖాయం చెయ్యమని రాసిన కాగితం ఉంది. ఇంకా సంతకం కాలేదు.

"బారికి కుదురుగా రాలేదండి" అన్నాను.

ఆయన డైరీ అడగలేదు. "ఈ బారికిలకి మడులిచ్చి చెడగొట్టేం" అని పొడుం పీల్చి, ఇంకో కాగితం రాసి, రెండింటిమీదా ఒకేసారి సంతకం పెట్టారు. ఒకటి నాది. రెండోది మార్గశిరంలో బూరుగుగుడకి వెళ్లింది. దాలయ్య కొలువూ మడీ తీసేసి ఇంకొకడికి ఇమ్మని.

సంక్రాంతి ఇంకా పదిరోజులుందనగా ఒక పొద్దున్న దాలయ్య మా ఇంటికొచ్చాడు. శ్యామలాంబ ముగ్గు వేస్తోంది. వీధిలో అప్పమ్మ మూటతో నిలబడింది, పక్కన ఇద్దరు పిల్లలు.

"తేయాకు తోటలకి ఎలిపోతన్నాం బాబూ. కూలీల్ని తీసుకెల్లే తోట మేస్త్రీ టికట్లు తీసేడు. మజ్జానం రైలు."

నేను అరుగు దిగలేదు. "మంచిది" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

అతను చంకలోంచి ఒక గుడ్డమెత్త తీశాడు. గోనెముక్క మీద పాతచీరగుడ్డ మడతలు వేసి దట్టంగా కుట్టింది. మధ్యలో గాడిలా నొక్కుకుపోయి ఉంది.

"ఇది కొత్త బారికికి ఇయ్యండి బాబూ. సైకిలు కమ్మీ బుజంలోకి దిగిపోతాది. మొదట రెండ్రోజులు నాకు తెలీక సెడ్డాను. తరవాత అప్పమ్మ కుట్టి ఇచ్చీసినాది."

వానకి ముందు పద్దెనిమిది, తర్వాత పధ్నాలుగు, మొత్తం ముప్పైరెండు రోజులు నేను అతని వెనకాలే నడిచాను. తువ్వాలు కింద ఆ మెత్త ఉందని చూడలేదు.

మెత్త అరుగుమీద పెట్టి వెళ్లబోయి దాలయ్య ఆగాడు. ఏదో గుర్తుచేసుకుంటున్నవాడిలా నుదురు చిట్లించాడు.

"బాబూ, ఒక్కమాట. నాను సరిగ్గా కొలువుకి రానేదని కాయితంలో ఉన్నాదంట. నాను ఆలోసిస్తన్నాను, తెమలడం నేదు. నాను ఏ రోజు రానేదు బాబూ?"

అతనికి కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. తను మర్చిపోయిన రోజేదో నాకు గుర్తుంటుందని అనుకున్నాడు.

శ్యామలాంబ ముగ్గు చెయ్యి ఆగిపోయింది. ఆవిడ తలెత్తి దాలయ్యని చూడలేదు, నన్నే చూసింది. పెళ్లయిన మూడున్నరేళ్లలో అలా ఎప్పుడూ చూడలేదు. దాలయ్య కాసేపు నిలబడి, "సర్లెండి బాబూ, ఏదో ఒక రోజు ఉంటాది" అని తనే సర్దుకుని వెళ్లిపోయాడు. శ్యామలాంబ లోపలికెళ్లి ఉన్న అటుకులన్నీ గుడ్డలో కట్టి వీధిలోకి పరుగెత్తింది. అప్పమ్మ తీసుకుందో లేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. తర్వాత చాలా సంగతులు ఆవిడ నాకు చెప్పడం మానేసింది.

కొత్త బారికి ఇంకా కుదరలేదు. మర్నాడు ఎస్టేటు భాగం వసూలుకి కొల్నార వెళ్లాలి. పొద్దున్నే సైకిలు తియ్యబోతే, దుప్పటి తీసేసి ఉంది. మెత్త సీటుమీద పెట్టి ఉంది. శ్యామలాంబ వంటింట్లో ఉంది, బయటికి రాలేదు.

వాగుదాకా తొక్కాను. గట్టుమీద దిగాను. కాసేపు అటూ ఇటూ చూశాను, అలవాటు. తర్వాత మెత్త భుజంమీద వేసుకుని సైకిలెత్తుకున్నాను. కమ్మీ వచ్చి సరిగ్గా ఆ గాడిలో కూర్చుంది. పార్వతీపురంలో రెండు వేళ్లతో లేపిన సైకిలు అది. వాగు దాటేలోపల మూడుసార్లు దింపాను.

అవతలి గట్టుమీద కూర్చుని డైరీ తీశాను. ముప్పైరెండు పేజీలు తిప్పాను. ముప్పైరెండింట్లోనూ నా చేతిరాతతో, నా సంతకంతో "బారికి హాజరు" అనే ఉంది.

దాలయ్య రానిది ఆ రోజే.